గేజి మీద గీత

టర్బో కారు కాలవ లాకు దాటి వస్తుంటే, దాని నడక చూసే మెకానిక్ చంద్రరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అది కారు నడకలా లేదు, కాల్లో ముల్లు దిగిన ఎద్దు నడకలా ఉంది. నాలుగడుగులు ఉరకటం, ఓ అడుగు ఆగి ఆలోచించటం. ఏసుపాదం స్టీరింగు దగ్గరుంటే ఆ బండి కాలవలో పడవ జారినట్టు జారేది.

"ఇవాళ రాజుగారే నడుపుతున్నారు. కోళ్లని గంప కింద ఎట్టెయ్యి పాపాయమ్మా," అన్నాడు పక్కనున్న టీకొట్టావిడతో.

పాపాయమ్మ నవ్వేలోపే కారు షెడ్డు ముందుకొచ్చి, ఒక్క కుదుపు కుదిపి, దానంతటదే ఆగిపోయింది. భీమరాజుగారు దిగారు. తెల్ల చొక్కా, తెల్ల లుంగీ, భుజం మీద జరీ అంచు కండువా. నలభై ఎకరాల చేపల చెరువులున్న మనిషి. గేరు మార్చటం మాత్రం ఆయన వల్ల కాదు.

"ఏసుపాదం ఏడండీ? జొరవా?"

"మాన్పించేశాను."

చంద్రరావు నవ్వటానికి సిద్ధంగా ఉన్నాడు. తనతో ఎవరు ఏం చెప్పినా చివర్లో ఓ నవ్వు ఉంటుందని ఆయనకో నమ్మకం. రాజుగారి మీసం కదల్లేదు.

"నిన్న తణుకులో ఒక షెడ్డులో బానెట్ ఎత్తించాను. అక్కడాయన గేజి లాగి వాసన చూసి, ఇంజన్ ఆయిల్లో డీజిల్ ఉందండీ అన్నాడు. మంచి ఆయిలు తీసి అమ్ముకుని, బదులు డీజిల్ పోస్తున్నాడండీ మీ డ్రైవరు అన్నాడు. తిరిగొచ్చి సెంటర్లోనే అడిగేశాను. దొంగతనం ఎప్పుణ్ణించి మొదలెట్టావయ్యా అని."

"సెంటర్లోనా? నలుగురి ముందూనా?"

"నలుగురేంటి, నలభైమంది ఉన్నారు."

"ఏమన్నాడండీ?"

"ఏమంటాడు? తాళం బానెట్ మీద పెట్టి నడిచెళ్లిపోయాడు. తప్పు చెయ్యనివాడైతే అలా వెళ్తాడా?"

చంద్రరావు బానెట్ ఎత్తాడు. గేజి లాగాడు. ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూసే ఆ సన్నటి రేకు బద్దని గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి దింపి, మళ్లీ లాగి వెలుతురుకి పట్టుకున్నాడు. ఆయిలు పై గీత దాటి వేలెడు ఎత్తున ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఓ చుక్క వేసి రుద్దాడు. జిగురు లేదు. పల్చటి చారులా జారిపోయింది. వాసన చూశాడు. తర్వాత పాపాయమ్మ పకోడీలు కట్టే పేపరు ముక్క అందుకుని దాని మీద ఓ చుక్క వేశాడు. చుక్క నల్లగా మధ్యలోనే ఉండిపోయింది. దాని చుట్టూ ఓ తేమ ఉంగరం మెల్లగా విప్పుకుంటూ పోయింది.

"డీజిలేనండి," అన్నాడు.

"చెప్పానా?"

"కానీ దొంగయితే గీత దాకానే పోత్తాడు కదండీ. గీత దాటించి పట్టుబడతాడా? ఇది ఎవరూ పోసింది కాదండి. ఇంజనే దించుకుంటంది. పైన కాలాల్సిన డీజిలు పూర్తిగా కాలక, పిస్టన్ రింగుల పక్కనించి కిందున్న ఆయిల్లోకి దిగిపోతంది."

రాజుగారు ఆయన మొహంలోకి చూశారు. ఆ చూపు చంద్రరావు ఎరిగినదే. ముప్ఫై ఏళ్లుగా ఊరంతా అలాగే చూస్తోంది. ఎక్కడ నవ్వుతాడా అని పెదాల చివర వెతికే చూపు.

"ఆయిలు దానంతటదే పెరుగుతోందంటావు."

"ఆయ్."

"గుడ్లు కూడా పెడుతోందా?"

"రాజుగారండీ, ఒట్టండి..."

"మిల్లు గుమస్తా స్కూటర్ డిక్కీలో కీచురాయిని పెట్టి, బేరింగ్ పోయిందని రెండ్రోజులు తిప్పావు. అప్పుడూ ఇలాగే ఒట్టేశావు."

చంద్రరావు తల గోక్కున్నాడు. నిజమే, వేశాడు. కీచురాయి బతికున్నంతకాలం వేస్తూనే ఉన్నాడు.

"పోనీ ఓ మాట చెప్పండి. చెరువు గట్టు మీద బండి ఆపి ఏసీ ఎంతసేపు ఏసుకుంటారండీ?"

"పడవలోంచి చేపల మేతకి తవుడు సంచులు కట్టేదాకా. ఎనిమిదింటి నుంచి పదకొండు. చూడకపోతే తవుడు కూలీల ఇళ్లకెళ్లిపోతుంది. అయినా నా చెరువు, నా కారు, నా ఏసీ. నీకెందుకు?"

"అదేనండి. పరిగెత్తే ఇంజనైతే తిన్నది అరిగించుకుంటది. కూసోబెట్టి మూడుగంటలు తినిపిత్తే..."

ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. రాజుగారి బొజ్జ ఎదురుగానే ఉంది. రాజుగారు కూడా ఓసారి కిందకి చూసుకుని, కండువా సర్దుకుని కారెక్కారు. స్టార్టు చెయ్యగానే టర్బో ఈల వినపడింది. కొత్తలో పిల్లనగ్రోవిలా ఉండేది. ఇప్పుడు అందులో సన్నగా ఓ జీర ఉంది.

"ఈలలో తేడా వచ్చిందండీ! పల్చబడ్డ ఆయిల్తో టర్బో ఎన్నాళ్లో ఉండదు!" అని అరిచాడు. అద్దాలు మూసి ఉన్నాయి. వినపడలేదు.

ఆదివారం మధ్యాహ్నం చంద్రరావు ఏసుపాదం ఇంటికి వెళ్లాడు. లూథరన్ చర్చి వెనక వీధిలో, రేకుల పంచ ఉన్న రెండుగదుల ఇల్లు. దండెం మీద నాలుగు పసుపుపచ్చ గుడ్డలు ఆరేసి ఉన్నాయి. కారు తుడిచే గుడ్డలు. ఉతికి, జాడించి ఆరేశారు.

"ఇవి కూడా ఉతికేత్తారేంటమ్మా? అట్టేపెట్టి మురికిగా ఇత్తే ఆయనకి బుద్ధొచ్చేది," అన్నాడు.

సంపూర్ణమ్మ నవ్వలేదు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఏసుపాదం అరుగు మీద కూర్చుని కాలవ వైపు చూస్తున్నాడు. ఉండుండి కుడిచెయ్యి నడుం దగ్గరకి వెళ్తోంది. తాళం గుత్తి వేలాడే చోటు. ఖాళీ చూసి వెనక్కొస్తోంది.

"ఇవాళ చర్చిలో కానుక సంచి పుచ్చుకోలేదన్నయ్యగారూ," అంది సంపూర్ణమ్మ. "పద్ధెనిమిదేళ్లనించి ఆ సంచి ఈయనే తిప్పుతున్నారు. పాస్టరుగారు చేతికందిత్తే తల అడ్డంగా ఊపేశారు. అందరూ అలా చూత్తానే ఉన్నారు."

"దొంగ అన్నారుగా," అన్నాడు ఏసుపాదం కాలవతోనే చెబుతున్నట్టు. "దొంగ చేతిలో దేవుడి సంచి ఏంటి?"

"ఒరే ఏసూ, ఆయనకి చెప్పాన్రా. ఆ డీజిలు ఎవడూ పొయ్యలేదు, ఇంజన్లోదేనని చెప్పాను."

"నమ్మారా?"

"ఎక్కడ నమ్ముతారు, చెప్పింది నేనైతే?"

ఏసుపాదం అప్పుడు ఇటు తిరిగాడు. "నాకు నెల్లాళ్లనించీ తెలుసురా. రోజూ పొద్దున్నే గేజి చూత్తాను కదా. గీత మీద ఉండాల్సింది గీత దాటింది. మర్నాడు ఇంకాస్త. వాసన కూడా తేడాగానే ఉంది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే పోత్తన్నావనుకున్నాను."

"నేనా?"

"మజాకాకి. నేను టీకెళ్లినప్పుడు కాస్త కాస్త పోసి, ఆయిలు పెరుగుతోందని నేను రాజుగారికి చెప్తే, ఆ పైన మీరందరూ నవ్వుదామని. నీ నవ్వెప్పుడొత్తాదా అని ఊరుకున్నాను. అప్పుడే చెప్పుంటే ఇంతదాకా రాకపోను."

చంద్రరావు నీళ్లగ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. ఏదో ఒకటి అనాలనిపించింది. నోటిదాకా ఓ మాట వచ్చింది కూడా. మింగేశాడు. ఆయన జీవితంలో మింగిన మొదటి మాట అదే అయ్యుంటుంది.

అక్కణ్ణించి ఆయన తిన్నగా రాజుగారింటికే వెళ్లాడు. భోజనాలై వీధరుగు మీద పడకకుర్చీలో ఉన్నారాయన. లోపల ఆయన భార్య శ్యామలాంబగారు వక్కలు కత్తిరిస్తున్న చప్పుడు.

"రాజుగారండీ. ఆ డీజిలు పోసింది నేనేనండి."

రాజుగారు కళ్లు తెరిచారు.

"మజాకాకి పోశానండి. ఏసుపాదాన్ని ఆటపట్టిద్దామని. ఇంతవుద్దనుకోలేదు."

రాజుగారు ఓ క్షణం చూశారు. మీసం కింద ఏదో కదిలింది. పొట్ట ఊగింది. అంతలో పడకకుర్చీ మొత్తం కిర్రుమంటూ ఊగింది.

"దొంగవెధవా! అనుకున్నాను. ఇందులో నీ చెయ్యుంటుందని అనుకుంటూనే ఉన్నాను! ఏవండోయ్, విన్నారా? వీడేనంట!" లోపలికి కేకేసి, కళ్లు తుడుచుకుంటూ జేబులోంచి తాళం తీశారు. "పాత అంబాసిడర్‌కి బ్రేకు తొక్కితే హారన్ మోగేలా చేశావు, గుర్తుందా? మా బావమరిది పెళ్లి ఊరేగింపులో? పెళ్లికొడుకు గుర్రం బెదిరి చెరుకుతోటలోకి పోయింది. అప్పుడు నవ్విన నవ్వు మళ్లీ ఇవాళే. ఇదిగో, తాళం వాడికిచ్చి రేపొద్దున్న రమ్మను."

చంద్రరావు తాళం పుచ్చుకుని మెట్లు దిగాడు. పనైపోయింది. అయినా అడుగు తేలిగ్గా పడలేదు. గురువారం పేపరు మీద చుక్కేసి మరీ చూపించిన నిజం ఈయన చెవికెక్కలేదు. ఇవాళ్టి అబద్ధం అరనిమిషంలో ఎక్కేసింది.

మర్నాడు పొద్దున్న ఏసుపాదం ఆ తాళాన్ని అరచేతిలో పెట్టుకుని అంతా విన్నాడు. విని, తిరిగి చంద్రరావు చేతిలోనే పెట్టాడు.

"ఏరా?"

"దీంతో నేను దొంగని కాదని తేల్లేదు. నువ్వు తింగరోడివని తేలింది. అది ఊరందరికీ తెలుసు."

"తాళం వచ్చిందిగా!"

"నీ అబద్ధం తొడుక్కుని నేను చర్చికెళ్లనా?" చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. మడతపెట్టిన పసుపు గుడ్డలు చంకలో పెట్టుకున్నాడు. "నడువు. ఆయన దగ్గరకే."

రాజుగారు చెరువుకి బయల్దేరే వేళ. ఇద్దరూ వస్తుంటే చూసి నవ్వబోయారు. ఏసుపాదం గుడ్డలు అరుగు మీద పెట్టి, వాటి మీద తాళం పెట్టాడు.

"చంద్రం నిన్న చెప్పింది అబద్ధమండి. నాకోసం చెప్పాడు. వాడు పొయ్యలేదు. నేనూ పొయ్యలేదు."

"అయితే ఎవరు పోశారయ్యా? ఆకాశంలోంచి పడిందా?" రాజుగారి మొహం ఎర్రబడింది. "గురువారం ఒకటి, ఆదివారం ఒకటి, సోమవారం ఇంకొకటి. ఎవరి మాట నమ్మాలి నేను?"

"ఎవరి మాటా నమ్మద్దు," అంది లోపల్నించి శ్యామలాంబగారి గొంతు. ఆవిడ గడప దగ్గరకొచ్చింది. చేతిలో దుమ్ము పట్టిన చెక్క దిమ్మ. చెంగుతో తుడుస్తోంది. "కళ్లంలో ధాన్యపు రాశికి ముద్ర వేసేది దేనికండీ? ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా ఉండటానికే కదా?"

అందరూ ఆ దిమ్మ వైపు చూశారు. రాజుగారి నాన్నగారి కాలంనాటి వేపచెక్క ముద్ర. రాశి పోశాక తడిపిన బూడిద చల్లి దీంతో అద్దేవాళ్లు. రాత్రికి ఎవరు గుప్పెడు తీసినా తెల్లారేసరికి ముద్ర చెదిరిపోయి కనపడేది. వరిచేలన్నీ చేపల చెరువులయ్యాక దానికి పని లేకపోయింది. రాజుగారు అందుకుని, అక్షరాల్లో ఇరుక్కున్న పాత బూడిదని గోరుతో గీకారు. వాసన చూశారు.

"దీన్ని ఇంజన్‌కి ఎలా వేస్తాం?" అన్నారు. గొంతు కాస్త దిగింది.

"అది నాకొదిలెయ్యండి," అన్నాడు చంద్రరావు.

ఆరోజే షెడ్డులో పాత ఆయిల్ దించేశాడు. ఆయిల్ ఫిల్టరు మార్చాడు. కొత్త డబ్బా రాజుగారి చేతే విప్పించి, ఆయన చూస్తుండగానే పోశాడు. కాసేపు ఆగి, గేజి లాగి, హాక్సా బ్లేడు ముక్క ఆయన చేతికిచ్చాడు. ఆయిలు ఎక్కడిదాకా ఉందో అక్కడ రాజుగారే సన్నగా గీత గీశారు. నాలిక బయటపెట్టి, బళ్లో అక్షరాలు దిద్దే పిల్లాడిలా గీశారు. చంద్రరావు చూసి కూడా ఏమీ అనలేదు.

గేజి కొసనున్న కొక్కెంలోంచీ, ఆయిల్ మూతకున్న చెవిలోంచీ ఓ సన్నతీగ దూర్చి, ముడేసి, ఆ ముడి మీద ట్యాంకులకి చిల్లు పూడ్చే సీలు పిండి ముద్ద పెట్టాడు. కింద ఆయిల్ దించే నట్టుకీ ఇంకో ముద్ద. పిండి గట్టిపడకముందే రాజుగారు ముద్ర అద్దారు. వంగి, కారు కిందకి దూరి మరీ అద్దారు. పైకి లేచేసరికి కండువాకి గ్రీజు.

"శనివారం దాకా తాళం నా దగ్గరే ఉంటుంది. కారు నేనే నడుపుతాను. ఎవరూ చెయ్యి వెయ్యద్దు," అన్నారు.

"ఆయ్. మీరు రోజూ చేసినట్టే చెయ్యండి. గట్టు మీద ఏసీతో సహా," అన్నాడు చంద్రరావు.

ఆ అయిదురోజులూ ఊరికి చంద్రరావు మీద బెంగ పట్టుకుంది. మంగళవారం పోస్టుమాన్ సైకిలు గాలి పోయి ఉంటే అందరూ ఆయన వైపే చూశారు. నిజంగా మేకు గుచ్చుకుంది. బుధవారం కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు మోపెడ్ తెచ్చి, "ఏదో చప్పుడండీ," అంటే, చూసి, చైను బిగించి పంపేశాడు. అంతే. "నీకు కడుపులో బాగుందా?" అని పాపాయమ్మ అల్లం టీ పెట్టిచ్చింది. ఇది తేలేదాకా ఎవరితోనూ పరాచికం ఆడకూడదని ఆయన ఎవరికీ చెప్పకుండా ఒట్టేసుకున్నాడు. ఈ ఒట్టులో కీచురాయి లేదు.

రోజూ పొద్దున్నే కారు కుంటుకుంటూ లాకు దాటేది. ఎనిమిదిన్నరకి చంద్రరావు సైకిలేసుకుని చెరువు దాకా వెళ్లి దూరం నుంచి చూసేవాడు. నీళ్ల మధ్య వెదురు గెడలు. వాటికి కన్నాలు పెట్టిన తవుడు సంచులు కట్టుకుంటూ పడవ మీద ఇద్దరు మనుషులు. గట్టు మీద కారు, అద్దాలన్నీ బిగించి, సన్నగా వణుకుతూ. లోపల రాజుగారు పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోయేవారు. తవుడు కాపలా అలా సాగేది.

అంబాసిడర్ రోజుల్లో ఇదే గట్టు మీద ఆయన గొంతు లాకు దాకా వినపడేది. నాలుగద్దాలూ దించి, ఒక కాలు బయటపెట్టుకుని కూర్చునేవారు. ఏసుపాదం బానెట్ మీద చెయ్యేసి నిలబడేవాడు. పడవలో వాళ్లని పేరుపేరునా పిలిచి, పెళ్లాలు తిట్టారా, పిల్లలు బడికెళ్లారా అని అడిగేవారు. గేజి చూడాలంటే ఏసుపాదం గుడ్డ వెతుక్కునేలోపే ఆయన కండువా కొస అందించేవారు. ఇప్పుడు ఏసీకోసం అద్దాలెక్కాయి. ఆ పడవలో వాళ్ల పేర్లు కూడా ఆయనకి గుర్తున్నాయో లేదో.

శనివారం పదకొండున్నరకి కారు షెడ్డుకొచ్చింది. ఏసుపాదం అప్పటికే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు గానీ దగ్గరకి రాలేదు. బానెట్ ఎత్తారు. రాజుగారు కళ్లజోడు పెట్టుకుని, సీలు ముద్దని వేలితో తడిమారు. ముద్ర చెక్కుచెదరలేదు. కారు కిందకి వంగి నట్టు చూశారు. అక్కడా అంతే.

"ఇంజను కాస్త చల్లారనివ్వండి. అడుగునున్న చాంబర్లోకి ఆయిలు దిగాలి," అన్నాడు చంద్రరావు. పావుగంట ఆగారు. పాపాయమ్మ పకోడీ మూకుడు దించేసి వచ్చి గుంజని పట్టుకుని నిలబడింది.

స్క్రూడ్రైవరుతో ముద్ర పగలగొట్టింది రాజుగారే. తీగ తెంచి, గేజి లాగి, తుడవటానికి చుట్టూ చూశారు. తర్వాత తనకే తెలియకుండా భుజం మీది కండువా కొసతో తుడిచారు. మళ్లీ దింపి, మళ్లీ లాగారు.

ఆయన గీసిన గీత నల్లటి ఆయిల్ కింద మునిగిపోయి ఉంది. దానిమీద బొటనవేలి వెడల్పు ఆయిలు.

రాజుగారు గేజిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కాలవలో ఎవరో గేదెల్ని అదిలిస్తున్నారు.

"నేను తప్ప ఎవరూ ఎక్కలేదు," అన్నారు మెల్లగా. "నేనూ, ఏసీ."

చంద్రరావు నాలిక మీద అయిదు మాటలు వరసకట్టి నిలబడ్డాయి. ఒక్కోటీ ఊరు పదేళ్లు చెప్పుకునేంత మాట. ఏసుపాదం దూరం నుంచే ఆయన వైపు చూసి తల కొద్దిగా ఆడించాడు. వద్దని.

"డీజిలు చిమ్మే నాజిల్ కూడా ఒకటి కారుతుండొచ్చండి. అది నేను చూత్తాను," అన్నాడు చంద్రరావు. "చెరువుకాడ బండి ఆపెయ్యండి. వారానికోసారి రాజమండ్రి దాకా గట్టిగా తోలుకురండి. ఇంజను ఒళ్లొంగితే అదే సర్దుకుంటది."

"ఆయిలు మార్చెయ్," అన్నారు రాజుగారు. గేజి చంద్రరావు చేతికిచ్చి, ఏసుపాదం వైపు చూడకుండానే నడిచి వెళ్లిపోయారు.

"అంతేనా?" అన్నాడు చంద్రరావు. "ఒక్క ముక్కయినా అనకుండా?"

"సెంటర్లో నలభైమంది ముందు అన్నారు. ఇక్కడ ముగ్గురి ముందు ఊరుకున్నారు," అన్నాడు ఏసుపాదం. చొక్కా దులుపుకుని ఇంటికి వెళ్లిపోయాడు. సాయంత్రం పని అయ్యాక రాజుగారి మనిషి ఎవరో వచ్చి కారు తీసుకెళ్లారు.

ఆదివారం చంద్రరావు చర్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, "పాటలు ఇక్కడికే బాగా వినపడతాయండి," అన్నాడు. ఏసుపాదం చివరి వరసలో గోడవార కూర్చున్నాడు. వాక్యం అయింది. పాట మొదలైంది. పాస్టరుగారు చెక్కపిడి ఉన్న ఎర్ర మఖమల్ సంచి పట్టుకుని చివరి వరస దాకా నడిచొచ్చారు. ఏసుపాదం చేతులు ఒళ్లోనే ఉన్నాయి. సంపూర్ణమ్మ ఆడవాళ్ల వైపు నుంచి చూస్తూ పాట ఆపేసింది.

అప్పుడు వీధి చివర ఈల వినపడింది. జీర లేని ఈల. ఆ వెనకే ఎద్దు నడక. కారు చర్చి గేటు దగ్గర ఉరికి, ఆలోచించి, ఆగింది. అద్దాలు నాలుగూ దించి ఉన్నాయి. రాజుగారి మొహం చెమటతో తడిసిపోయి, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఆయన వెంటనే ఇంజను ఆపలేదు. టర్బో చల్లారాలని ఏసుపాదం ఎప్పుడో చెప్పిన ఒక్క నిమిషం, గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. తర్వాత ఆపారు. ఈల సన్నగిల్లి పోయింది.

గుమ్మం బయట చెప్పులు విప్పి, గడప దగ్గర నిలబడ్డారు. పాట తడబడింది. తలలన్నీ ఇటు తిరిగాయి.

"సంచి ఇలా తీసుకురావయ్యా ఏసుపాదం," అన్నారు. గట్టిగానే. సెంటర్లో అరిచిన గొంతే అది. "నేనూ వేస్తాను."

ఏసుపాదం లేచాడు. పాస్టరుగారి చేతిలోంచి సంచి అందుకున్నాడు. నాలుగడుగులు వేసి గడప దగ్గర చాపాడు.

రాజుగారు చొక్కాజేబులో చెయ్యి పెట్టి తీసి, సంచిలో వదిలారు. సంచి అడుగున ఏదో ఇనుము చప్పుడైంది. ఏసుపాదం లోపలికి చూశాడు. కారు తాళం.

ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. పాస్టరుగారికి అసలే తెలియలేదు.

"పాస్టరుగారండీ," అన్నాడు చంద్రరావు కిటికీలోంచి. "సంచిలో పడ్డాక ఇప్పుడా కారు దేవుడిదేనా అండీ?"

ముందు నవ్వింది సంపూర్ణమ్మే. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. తర్వాత అందరూ. ఏసుపాదం నవ్వలేదు. ఎడంచేత్తో ఓసారి కళ్లు ఒత్తుకుని, మొదటి వరస దగ్గర్నించి సంచి తిప్పటం మొదలెట్టాడు. తాళం అందులోనే ఉండి ఒక్కొక్కరి ముందూ చప్పుడు చేస్తూ వెళ్లింది.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు తాళం తీసి ఏసుపాదానికిచ్చారు. రాజుగారికి కుర్చీ వేశారు. టీ తెప్పించారు. ఆ సందట్లో ఓ అయిదు నిమిషాలు చంద్రరావు ఎవరికీ కనపడలేదు. మళ్లీ కనపడ్డప్పుడు మోకాళ్ల దగ్గర దుమ్ము దులుపుకుంటున్నాడు. మొహం చాలా అమాయకంగా ఉంది.

రాజుగారు వెళ్లి ఎడం సీట్లో కూర్చున్నారు. ఏసుపాదం స్టీరింగు ముందు కూర్చుని, సీటు వెనక్కి జరుపుకుని, అద్దం సర్దుకున్నాడు. కారు కాలవలో పడవలా జారి మలుపు తిరిగింది.

చంద్రరావు గేటు దగ్గరే నిలబడి, చెవి అటు వేసి ఆగాడు. లాకు దగ్గర గతుకు ఉంది. అక్కడ ఎవరైనా బ్రేకు తొక్కాలి.

తొక్కాడు. హారన్ మోగింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ మోగింది. కాలవ గట్టు మీద కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.

అంతలో నవ్వు వినపడింది. పెళ్లి ఊరేగింపునాటి నవ్వు, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. దాని వెనకే, "ఒరే చంద్రం!" అని ఏసుపాదం కేక.

అద్దాలు ఇంకా దించే ఉన్నాయన్నమాట.